మా నాలుగు గ్లాసులు, దోమ పురుగులు

 

పోయిన వానాకాలం మా గదిలో ముగ్గురు జ్వరంతో పడ్డారు. ఇద్దరికి మూడు రోజుల్లో తగ్గింది. మూడో వానికి రక్తపరీక్ష చేస్తే డెంగీ అని తేలింది. వాడు పది రోజులు దవాఖానలో ఉండి, పరీక్షలు పోగొట్టుకుని వచ్చిండు. ఆ వారం బాత్‌రూముల వెనక ఉన్న నీళ్ల డ్రమ్ముకు మూత పెట్టే వంతు నాది. నేను పెట్టలేదు. తర్వాత తొంగి చూస్తే నీళ్ల నిండా సన్న పురుగులు తలకిందులుగా వేలాడుతున్నయి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ కిందికి పోయినయి. ఆ డ్రమ్ములో పుట్టిన దోమే వాణ్ని కుట్టిందని ఎవరూ రుజువు చేయలేరు. కుట్టలేదని నేనూ చెప్పలేను. అప్పటినుంచి నాకు ఈ పురుగుల మీద పట్టుదల వచ్చింది.

వీటిని పుస్తకంలో లార్వాలు అంటారు. దోమ నీళ్లలో, లేదా నీటి అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి లార్వా వస్తుంది. అది తింటూ పెరుగుతూ మాటిమాటికి కుబుసం విడుస్తుంది. నాలుగోసారి విడిచినప్పుడు కామా గుర్తులాగ వంకరగా ఉండే ప్యూపా అవుతుంది. ప్యూపా ఏమీ తినదు. రెండు రోజులకు దాని వీపు పగిలి దోమ బయటికి వస్తుంది. ఎండాకాలం, వానాకాలం మన దగ్గర ఇదంతా సుమారు ఎనిమిది పది రోజుల పని. ఎగిరే దోమను పట్టాలంటే ఊరంతా తిరగాలె. లార్వా మాత్రం ఉన్న నీళ్లలోనే ఉంటుంది.

ఏ నీళ్లు అన్నది కూడా చూడాలె. జనగామ వైపు మిత్రుడు చెప్పిండు, వాళ్ల ఊళ్లె నీళ్ల కరువు ఎక్కువ, ప్రతి ఇంట్లో డ్రమ్ములు, తొట్లు నింపి పెట్టుకుంటరట. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకు అవే కావాలె. అది పగలు కుడుతుంది. భూపాలపల్లి వైపు అడవిలో మెల్లగా పారే వాగులు, ఒర్రెలు ఉంటయి. మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమల్లో కొన్ని అట్లాంటి శుభ్రమైన నీళ్లలోనే పెరుగుతయి. మా మహబూబాబాద్ వైపు డ్రమ్ములూ ఉన్నయి, వాగులూ ఉన్నయి, వరిమడులూ ఉన్నయి! మురికి కాలువలో ఉండేది క్యూలెక్స్, అది బోదకాలు తెస్తుంది. గుర్తుపట్టడం సులువే. అనాఫిలిస్ లార్వా నీటిపైన అడ్డంగా పడుకుంటుంది. మిగతా రెండూ తల కిందికి పెట్టి వేలాడతయి. మా డ్రమ్ములో ఉన్నవి వేలాడేవి.

డ్రమ్ములో మందు పోద్దామంటే ఏం పోయాలె? మిరపతోటకు, పత్తికి మా నాయన వేపగింజల కషాయం కొడతడు. భూపాలపల్లి మిత్రుడు వాళ్ల తాత చేసే పని చెప్పిండు. ఎండాకాలం వాగు ఎండి మడుగులు మిగిలినప్పుడు గార కాయలు దంచి వేస్తే చేపలు మత్తెక్కి తేలతయట. జనగామ మిత్రుడు సీతాఫలం గింజల పొడి పేన్లకు పెడతరన్నడు. పేను చస్తే దోమ పురుగు చావదా? అట్ల మూడు మందులు దొరికినయి.

మొదటిసారి మూడు గ్లాసుల్లో మూడు మందులు పోసి, పురుగులు వేసినం. తెల్లారేసరికి మూడింటిలోనూ అన్నీ చచ్చినయి. ప్రార్థనలో చెబుదామని పరుగెత్తినం. సైన్స్ సారు ఒకటే మాట అడిగిండు. “మరి ఉట్టి నీళ్ల గ్లాసేదిరా?” మాకు అర్థం కాలేదు. మళ్లీ చేసినం, నాలుగో గ్లాసులో ఉట్టి నీళ్లే. తెల్లారేసరికి అందులోవి కూడా చచ్చినయి! మస్తు ఆలోచిస్తే తెలిసింది, గ్లాసులను సర్ఫుతో కడిగి సరిగా తొలవలేదు. లార్వా తోక గొట్టంతో నీటి పైపొరకు అంటుకుని గాలి పీలుస్తుంది. సబ్బు తగిలితే ఆ పొర దాన్ని పట్టి ఉంచదు, మునిగి చస్తుంది. మా మందులకు సబ్బు గొప్పతనం అంటగట్టబోయినం.

మూడోసారి గ్లాసులను ఉట్టి నీళ్లతో పదిసార్లు తొలిచినం. రైతులు కషాయానికి 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల వేపగింజల పప్పు వేస్తరు. మేము 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లెక్కన దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడపోసినం. మిగతా రెండూ అట్లనే. ఒక్కో గ్లాసులో 20 పురుగులు, చిటికెడు బిస్కెట్ పొడి, పైన గుడ్డ.

గార కాయ గ్లాసు నురగ కట్టింది. సాయంత్రానికే పురుగులు అడుక్కు చేరినయి. నురగ తెచ్చే సపోనిన్ అనే పదార్థమే చేపలకూ విషం. ఈ జాతి చెట్టు సపోనిన్లు దోమ లార్వాలను చంపుతాయని ఇజ్రాయెల్‌లో కూడా పరిశోధించారు. సీతాఫలం గ్లాసులో తెల్లారేసరికి దాదాపు అన్నీ పోయినయి. వేప గ్లాసులో మాత్రం అన్నీ తిరుగుతున్నయి. రెండో రోజూ తిరుగుతున్నయి. వేప ఓడిపోయిందని అందరూ నవ్విండ్రు. నేను ఆ గ్లాసు పారబోయబోతుంటే సారు ఆపిండు.

ఐదో రోజు ఉట్టి నీళ్ల గ్లాసులో కామాలు కనబడ్డయి. ఏడో రోజుకు గుడ్డ కింద 17 దోమలు. వేప గ్లాసులో? రెండే దోమలు. మిగిలినవి కొన్ని సగం కుబుసంలో ఇరుక్కుని చచ్చినయి, కొన్ని లార్వాలుగానే మందంగా కదులుతున్నయి. వేపగింజలో అజాడిరాక్టిన్ అనే పదార్థం ఉంది, దాన్ని 1968లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు వేరుచేశారు. కుబుసం విడిచే పని నడిపించే హార్మోనును అది చెడగొడుతుంది. పురుగు బతికే ఉంటుంది గాని దోమ కాలేదు. మేము శవాలు లెక్కబెట్టినం, లెక్కబెట్టాల్సింది దోమలను. ఇది ఒక్కో గ్లాసుతో ఒక్కసారి చేసిన లెక్క అని మరవొద్దు.

లార్వాలను సీసాలో పెంచి దోమలయ్యేదాకా ఆగిన పెద్దాయన ఒకరు మన దగ్గరే ఉండె. సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అట్ల పెంచిన దోమలతోనే మలేరియా రోగిని కుట్టించి, వాటి కడుపు కోసి చూసి, 1897 ఆగస్టు 20న అందులో మలేరియా క్రిమిని కనిపెట్టిండు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. డ్రమ్ములో ఏది పోయాలె? గార కాయ వద్దు. వాగులో, చెరువులో అసలే వద్దు. చేపలు చస్తయి. పైగా మన వాగుల్లో చిన్న చేపలే లార్వాలను తింటయి. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను పాడవుతుంది. నూరేటప్పుడు నా కన్ను కొంచెం మండింది, వెంటనే కడుక్కున్న. తాగే నీళ్లలో, స్నానం నీళ్లలో మూడిట్లో ఏదీ వద్దు. వేప కషాయం పారబోయడానికి వీలుకాని గుంటలకు, మురికి కాలువకు పనికొస్తుంది. ఎండకు దాని బలం తొందరగా పోతుంది, మళ్లీ మళ్లీ పోయాలె. 1990లలో మదురై శాస్త్రవేత్తలు వరిమడుల్లో వేపను వాడి చూసినప్పుడు కూడా, దాంతోపాటు మడి నీళ్లను మధ్యమధ్యలో ఆరబెట్టారు.

డ్రమ్ముకు మాత్రం శుక్రవారం డ్రై డేనే మందు. పురుగు దోమ కావడానికి ఎనిమిది రోజులైతే, ఏడో రోజు నీళ్లు పారబోస్తే చాలు. ఉట్టిగ పారబోస్తే సరిపోదు. ఈడిస్ గుడ్లు డ్రమ్ము గోడకు, నీటి గీత పైన అంటుకుని ఉంటయి. నెలల తరబడి ఎండినా బతికి, నీళ్లు తగలగానే పగులుతయి. కొబ్బరి పీచుతో గోడ గట్టిగా రుద్దాలె.

వార్డెన్ గారు ఒప్పుకున్నరు కాబట్టి వంతుల పట్టిక ఈ పత్రిక పక్కనే అతికించిన. మొదటి నాలుగు శుక్రవారాలు నా పేరే రాసుకున్న. వేప పండ్లు రాలే రోజుల్లో సెలవుల నుంచి వచ్చేటోళ్లు గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి తెండి. ఆకులు తేవొద్దు, గింజలోనే బలం ఎక్కువ. వేప గ్లాసు సైన్స్ గది కిటికీలో ఉంది. అందులో మూడు పురుగులు ఇంకా కదులుతున్నయి. చూసేవాళ్లు పైన గుడ్డ తీయొద్దు.