అమ్మ భుజం నొప్పి

పోచంపల్లి చీర మగ్గం ఎక్కాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరుసగా బిగించిన మేకుల చుట్టూ పేక దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు తిరుగుతుంది. నేత ఇళ్లల్లో ఇది ఆడవాళ్ల పని. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి గారు రోజుకి రెండు చీరలకు ఆసు పోసేవారు. రాత్రయ్యేసరికి భుజాలు, మోచేతులు పీకేసేవి.

ఆ నొప్పి ఏ నేత ఇంట్లో లేదు గనక? తరతరాలుగా అందరూ చూస్తూనే ఉన్నారు. ఆసు పోస్తే చేతులు నొప్పి పుట్టక మానుతాయా అనుకుని ఊరుకున్నారు. రోజూ కళ్లముందున్న కష్టానికి మనం అలవాటు పడిపోతాం, అదే మన పెద్ద లోపం. మల్లేశం అలవాటు పడలేకపోయాడు.

ఇంజనీరింగ్ చదువు లేదు. 1992లో ఆసు పోసే యంత్రం తయారీ మొదలుపెట్టాడు. చేతిలో డబ్బులున్నప్పుడల్లా ఒక్కో భాగం చేయించుకుంటూ పోయాడు. ఊళ్లో వాళ్లు ఇది అయ్యే పని కాదన్నారు. బతుకుతెరువుకి హైదరాబాద్ వచ్చి కరెంటు పనుల్లో చేరాడు. అప్పటికి యంత్రంలో ఒక కదలిక మాత్రం ఎంతకీ కుదరడం లేదు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకి వైరింగ్ పనికి వెళ్లినప్పుడు, అక్కడ నడుస్తున్న ఒక యంత్రంలో సరిగ్గా ఆ కదలికే కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

బాలానగర్‌లో ఆలోచన మెరుపులా తట్టిందని చెప్పుకోవచ్చు. కానీ ఆ యంత్రాన్ని రోజూ చూసేవాళ్లు అక్కడ ఎందరో ఉండి ఉంటారు. వాళ్లెవరికీ అందులో ఆసు కనిపించే అవకాశమే లేదు. మల్లేశం మాత్రం అమ్మ చెయ్యి తిరిగే తీరును ఏళ్ల తరబడి మనసులో మోస్తున్నాడు. కొత్తగా ఆలోచించమని మనకి శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. ఎవరి కోసం ఆలోచించాలో మాత్రం చెప్పరు. నాకు ఆ రెండోదే ముఖ్యమనిపిస్తుంది. ఒక మనిషి కోసం మొదలైన పనిని మధ్యలో వదిలెయ్యడం కష్టం. అన్నేళ్లు ఆయన్ని నిలబెట్టింది అదే అయి ఉంటుందని నా నమ్మకం.

మన ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఇలాంటి కష్టాలు లేవా? వంటగట్టు ఎత్తు ఎక్కువై, పీటేసుకుని నిలబడి వండే అత్తగారు ఉంటారు. ఒకే వివరాన్ని మూడు రిజిస్టర్లలో ఎక్కించే గుమస్తా ఉంటారు. వాళ్ల కోసం ఏదైనా చెయ్యాలంటే ముందు ఆ పని మనకి తెలియాలి. మల్లేశం నేత ఇంట్లో పుట్టి, మగ్గం మీద పనిచేసినవాడు. ఆసులో ఏ దారం ఎక్కడికి పోవాలో ఆయనకి తెలుసు. పని తెలియకుండా ప్రేమ కొద్దీ కొనిచ్చిన వస్తువులు అటక మీదికి చేరడం చూస్తూనే ఉన్నాం.

అడిగితే తెలుస్తుందనుకుంటాం గానీ, నొప్పిగా ఉందా అని అడిగితే అమ్మ "ఏం లేదులే, నువ్వెళ్లి నీ పని చూసుకో" అంటుంది. అందుకని పక్కన కూర్చుని ఒక పూట ఆ పని మనమే అందుకోవడం మేలు. ఎక్కడ వంగాల్సి వస్తోంది, ఏది పదేపదే ఎత్తి దించాల్సి వస్తోంది, ఏ వస్తువు కోసం మాటిమాటికీ లేవాల్సి వస్తోంది, చూసినవి చూసినట్టు రాసుకోవచ్చు. ఆ కాగితాన్ని ఆవిడకే చూపించి, ముందు దేని సంగతి చూడమంటావని అడగవచ్చు.