కంచె చేను మేసినచో : స్వయంప్రతిరక్షక వ్యాధులు

"కంచె చేను మేసినట్లు" అను సామెత మన బాలబాలికలందరు ఎరిగినదే. కాపాడవలసినది తానే కబళించినచో ఎవరితో మొర పెట్టుకొనవలెనను వేదన ఆ సామెతలో ఇమిడియున్నది. మన శరీరమునందును అట్టి దురవస్థ సంభవింపవచ్చును. దానివలన కలుగు వ్యాధులకు స్వయంప్రతిరక్షక వ్యాధులని పేరు. పేరు పెద్దదియైనను భావము సులభము. ప్రతిరక్షకమనగా శత్రువు నెదిర్చుటకై శరీరము తయారుచేసికొను పదార్థము. ఆ ఆయుధము తన అవయవములపైననే ప్రయోగింపబడినచో కలుగు వ్యాధి యని అర్థము.

ఇది యొక వ్యాధి కాదు. ఎనుబదికి పైబడిన వ్యాధుల కుటుంబము. బ్రిటనులో 2 కోట్ల 20 లక్షల మంది వైద్య వివరములను పరిశీలించి 2023లో ప్రకటించిన లెక్క యొకటి కలదు. వీనిలో 19 వ్యాధులను మాత్రమే గణించినను, ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో యొకటి ఉన్నట్లు తేలెను. స్త్రీలలో నూటికి 13 మంది, పురుషులలో 7 గురు. కావున ఇది అరుదైన విషయమని త్రోసివేయదగినది కాదు.

రక్షణ యెట్లు జరుగును?

మన రక్తమునందలి తెల్లకణములు కావలివాండ్రవంటివి. అందు బి కణములు ప్రతిరక్షకములను తయారుచేయును. టి కణములలో కొన్ని, రోగక్రిములు చొచ్చిన కణములను స్వయముగా సంహరించును. ఇవి పనిచేయవలెనన్నచో తనవారెవరో, పైవారెవరో గుర్తింపవలెను. ఈ శిక్షణ టి కణములకు రొమ్మెముక వెనుకనున్న థైమసు గ్రంథిలో జరుగును. స్వంత శరీరముపై తిరుగబడు కణములు అక్కడనే నిర్మూలింపబడును. కాని ఏ పరీక్షయందైనను కొందరు తప్పించుకొందురు గదా! అట్టివానిని అదుపులో నుంచుటకు నియంత్రక టి కణములు అనునవి వేరుగా కలవు. జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి 1995లో వీనిని నిరూపించెను. వీని పుట్టుకకు ఆధారమైన జన్యువును 2001లో కనుగొనిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులకును, సకగూచికిని కలిపి 2025లో నోబెల్ బహుమానము లభించెను. ఈ కట్టుదిట్టము ఎచ్చట సడలునో అచ్చట వ్యాధి ఆరంభమగును. పుట్టుకతో వచ్చిన జన్యువులు కొంత, రోగక్రిముల సోకు, పొగాకు మొదలగునవి కొంత ఇందులకు కారణములు.

ఏయే అవయవములకు హాని?

క్లోమగ్రంథిలో ఇన్సులిను తయారుచేయు కణములు నశించినచో బాలురకు సైతము మధుమేహము వచ్చును. దీనిని మొదటి రకము మధుమేహమందురు. తీపి తినుటవలన వచ్చునది కాదిది. థైరాయిడు గ్రంథి దెబ్బతినినచో అలసట, బరువు పెరుగుట, చలికి ఓర్వలేకుండుట కలుగును. కీళ్లు వాచి, ఉదయమున లేవగానే వ్రేళ్లు ముడుచుకొనుట కష్టమైనచో అది రుమటాయిడు కీళ్లవాతము కావచ్చును. చర్మమునకు రంగునిచ్చు కణములు నశించినచో బొల్లి యగును. లూపసు అను వ్యాధి చర్మమును, కీళ్లను, మూత్రపిండములను గూడ బాధించును. ఈ రోగులలో పదింట తొమ్మిదిమంది స్త్రీలే.

పాఠశాల విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది రుమాటిక్ జ్వరము. స్ట్రెప్టోకోకస్ అను క్రిమి వలన గొంతు నొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు, 5 నుండి 15 ఏండ్ల పిల్లలలో కొందరికి జ్వరము, ఒక కీలునుండి మరియొక కీలునకు ప్రాకు నొప్పి వచ్చును. క్రిమికిని మన గుండె కణజాలమునకును గల పోలిక వలన, క్రిమికై పుట్టిన సైన్యము గుండె కవాటములపై బడును. నొప్పి పోవును గాని కవాటమునకు కలిగిన హాని నిలిచిపోవచ్చును. సకాలమున పెన్సిలిను ఇచ్చినచో ఈ యనర్థము తప్పును. ఈ కుటుంబమున ఇట్లు ముందుగా నివారింపదగిన వ్యాధులు చాల తక్కువ.

ఒక పొరబడిన సిద్ధాంతము

శరీరము తనపై తాను ఆయుధమెత్తదని 20వ శతాబ్ద ప్రారంభమున పాల్ ఎర్లిక్ అను జర్మను పండితుడు తలచెను. ఆయన 1908లో నోబెల్ బహుమానము నందిన మహనీయుడు. 1904లోనే వియన్నాలో డోనాత్, లాండ్‌స్టైనరు అనువారు, చలి తగిలినంతనే ఎఱ్ఱకణములు పగిలిపోవు రోగుల రక్తములో, వారి కణములనే నాశనము చేయు పదార్థమును చూపిరి. 1912లో హషిమోటో అను జపాను వైద్యుడు థైరాయిడు వ్యాధి నొకదానిని వర్ణించెను గాని దాని కారణము తెలియలేదు. పెద్దవారి మాట ప్రబలమై యుండుటచే ఈ సాక్ష్యములకు తగిన గౌరవము లభింపలేదు. తుదకు 1956లో లండనులో డెబొరా డోనియాక్, ఐవన్ రాయిట్, పీటర్ కాంప్‌బెల్ అనువారు హషిమోటో రోగుల రక్తములో స్వంత థైరాయిడునకు విరుద్ధమైన ప్రతిరక్షకములను కనుగొనిరి. ఎంతటి విద్వాంసుని అభిప్రాయమైనను పరీక్షకు నిలువవలెనని విద్యార్థులు దీనివలన గ్రహింపవలెను.

నేటి చికిత్సలు, వాని కొరతలు

మొదటిది, లోపించినదానిని పూరించుట. 1922 జనవరిలో కెనడాలోని టొరాంటో నగరమున 14 ఏండ్ల బాలునకు ఇన్సులిను ఇచ్చిరి. అంతకుముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు బ్రతుకుట కల్ల. థైరాయిడు లోపమునకు థైరాక్సిను మాత్ర అట్టిదే. ఇవి ప్రాణము నిలుపును గాని, చేను మేయు కంచెను ఆపజాలవు.

రెండవది, రక్షణ శక్తినంతటిని తగ్గించుట. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతముతో నడచుటయే కష్టమైన యొక స్త్రీకి కార్టిజోను ఇచ్చెను. కొలది దినములలో ఆమె చక్కగా నడువసాగెను. కాని ఇట్టి మందులను హెచ్చుగా, దీర్ఘకాలము వాడినచో ఎముకలు పలుచబడును, రక్తములో చక్కెర పెరుగును, అంటురోగములు త్వరగా సోకును.

కీళ్లవాతమునకు ఇప్పుడు లోకమంతటను మొదట వాడు మందు మెథోట్రెక్సేటు. ఇందు మన తెలుగువారి కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయములో ఈ మందు రూపొందెను. ఆనాటి లక్ష్యము రక్తపు కాన్సరు. సుబ్బారావుగారు 1948లో కాలధర్మము నొందిరి. అమెరికా ప్రభుత్వము దీనిని కీళ్లవాతమునకు ఆమోదించినది 1988లో. తన మందు ఇన్ని కీళ్లకు చలనమిచ్చునని ఆయన ఎరుగరు.

మూడవది, వాపును పెంచు పదార్థమునొకదానిని మాత్రమే అడ్డగించుట. 1992లో లండనులో ఫెల్డ్‌మన్, మైనీ అనువారు ఇట్టి మందును కీళ్లవాత రోగులకు ఇచ్చి మేలు చూపిరి. ఇది ముందడుగే. కాని ఖర్చు మిక్కుటము. పైగా శరీరములో నిద్రించు క్షయక్రిమి మేల్కొనవచ్చును గనుక మన దేశమున మఱింత జాగ్రత్త అవసరము.

పై రెండు విధములయందును లోపమొక్కటే. తప్పుచేసిన కావలివానిని వేరుచేయలేక, తక్కిన కావలివారిని గూడ నిద్రపుచ్చుచున్నాము. కావలసినది తప్పుచేసిన కణములను మాత్రము సరిదిద్దు చికిత్స, అవయవము నశింపకముందే ఇయ్యదగినది, సామాన్యుడు కొనగలిగినది. ఆశకు చోటు కలదు. మొదటి రకము మధుమేహము ముదురుటను సుమారు రెండేండ్లు వాయిదా వేయగల టెప్లిజుమాబ్ అను మందును 2022లో అమెరికా ఆమోదించెను. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున 2021లో, లూపసుతో బాధపడు యువతి టి కణములనే తీసి, బి కణములను సంహరించునట్లు మార్చి తిరిగి ఎక్కించిరి. 2022లో ప్రకటించిన ఐదుగురు రోగులలో వ్యాధి శాంతించెను, మందులు మానగలిగిరి. పిదప క్రొత్తగా పుట్టిన బి కణములు తిరుగబడలేదు. కాని ఇవి మిక్కిలి వ్యయముతో కూడినవి. శాస్త్రము సాధించినదానిని పేదవాని వాకిటికి చేర్చుట ఇంకను మిగిలియున్న కార్యము.

మన కర్తవ్యము

మన కుటుంబములలో ఇంటిభాష తెలుగు, వైద్యుడు పలికెడిది ఈ రాష్ట్రపు భాష, మందుల చీటీ ఇంగ్లీషు. అవ్వకు చీటీ చదివి చెప్పువాడు తరచుగా బడిపిల్లవాడే. కావున ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకొనుడు. కీళ్లవాతమునకు ఇచ్చు మెథోట్రెక్సేటు వారమున కొక్క దినము మాత్రమే మ్రింగవలసినది. పొరబాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఏ దినమో చీటీపై తెలుగున వ్రాసిపెట్టుడు. సందేహమున్నచో వైద్యుని మరల అడుగుడు, ఊహించి చెప్పకుడు.

ఎడతెగని దప్పిక, మాటిమాటికి మూత్రము, చిక్కిపోవుట కనిపించిన పిల్లవానికి ఆ దినముననే రక్తపరీక్ష చేయింపవలెను. కొంచెము నెమ్మదించినదని మందులను మనంతట మనము మానరాదు. బొల్లి అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు, పాపఫలము కాదు. ఆడపిల్ల వ్యాధిని వివాహమునకు అడ్డమని దాచి, వైద్యమును ఆలస్యము చేయు తలిదండ్రులు ఆమె కీళ్లను, మూత్రపిండములను పణముగా పెట్టుచున్నారు. తోటివాడు మధ్యాహ్న భోజనమునకు ముందు ఇన్సులిను సూది వేసికొనుచున్నచో వింతగా చూడక, అతనికి నీడపట్టున కూర్చుండ చోటిండు. మంచి మందు వచ్చునంతవరకు వ్యాధిగ్రస్తునకు మనమీయగల సాయమిది.