చాక్లెట్టు - పేరు, పదార్థము, మితము

మన ఇండ్లలో చాక్లెట్టు అను మాటకు అర్థము చాల విశాలమైనది. చిల్లర లేదని కిరాణా కొట్టువారు చేతిలో పెట్టు పుల్లని బిళ్ళ, పిప్పరమెంటు, టాఫీ, కాగితము చుట్టిన తీపి వస్తువేదైనను మనకు చాక్లెట్టే. చాక్లెట్టు గుండెకు మేలను వార్త పత్రికలలో కనిపించినపుడు ఈ విశాలార్థమే మనలను పొరపాటు పడునట్లు చేయుచున్నది. శాస్త్రజ్ఞులు పరిశీలించినది కోకో గింజను. మనము తినుచున్నది చాల వరకు చక్కెరను.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో కోకో చెట్టు జాతికి థియోబ్రోమా అని పేరు పెట్టెను. దేవతల ఆహారమని దాని అర్థము. మధ్య అమెరికాలోని మాయా, ఆజ్టెక్ ప్రజలు ఈ గింజలను నూరి, ఒక్కొక్కప్పుడు మిరప కూడ చేర్చి, చేదు పానీయముగా త్రాగెడివారు. చక్కెర చేరినది యూరపులో. 1847లో ఇంగ్లండులో గట్టి పలకగా చేసిరి. 1875లో స్విట్జర్లండులో డేనియల్ పీటర్ పాలు కలిపెను. పాలు, చక్కెర పెరిగిన కొలది కోకో పాలు తగ్గుచు వచ్చినది. నేడు మన గోదావరి జిల్లాలలో కొబ్బరితోటల నడుమ కోకో పండుచున్నది. ఆ కాయలోని తెల్లని గుజ్జు తీయగానే ఉండును గాని గింజను కొరికినవారు మరల కొరుకరు.

ఆ చేదులోనే మేలున్నది. కోకోలోని ఫ్లేవనాల్‌లు అను పదార్థములు రక్తనాళములు సడలుటకు తోడ్పడును. రోజునకు 200 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్‌లు రక్తనాళముల సాగుగుణమును నిలుపుటకు సహాయపడునని యూరపు ఆహార భద్రతా సంస్థ 2012లో అంగీకరించినది. కాని అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్ద వయసువారిపై జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో, హృద్రోగ సంఘటనల మొత్తము చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. హృద్రోగ మరణములు మాత్రము కొంత తగ్గినవి. వారికిచ్చినది చాక్లెట్టు కాదు, గొట్టపు మాత్రలలో నింపిన కోకో సారము. నలుపు రంగును చూచియు మోసపోరాదు. క్షారముతో శుద్ధిచేసిన కోకో మరింత నల్లబడును, అందలి ఫ్లేవనాల్‌లు మాత్రము తగ్గిపోవును.

ఇక మితము. పాల చాక్లెట్టు 100 గ్రాములలో సుమారు 50 గ్రాములు చక్కెరయే. ఆహారమునకు చేర్చెడి చక్కెర రోజునకు 25 గ్రాములు మించకున్న మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అనగా 50 గ్రాముల పలక ఒక్కటి తిన్నచో ఆనాటి పరిమితి తీరినట్లే. ఉదయము త్రాగిన చాయ్ ఇంకను లెక్కకు రాలేదు. 70 శాతమునకు పైగా కోకో గల చాక్లెట్టులో చక్కెర అందులో సగమే యైనను, 100 గ్రాములకు 600 కేలరీల వరకు ఉండును. భోజనానంతరము రెండు చిన్న ముక్కలు, నోటిలో కరుగనిచ్చి తినుట చాలునని మా అభిప్రాయము. కొనునపుడు పొట్లముపై పదార్థముల పట్టిక చూడవలెను. ఎక్కువ బరువున్నది అందు మొదట వ్రాయబడును. మొదటి పేరు చక్కెరయైనచో అది మిఠాయియే. మిఠాయిని మిఠాయిగానే, పండుగకు తినినట్లు తినుటలో దోషము లేదు. ఔషధమని తినుటలోనే ఉన్నది.

పేరులోని ఈ గందరగోళము ఒకచోట ప్రాణములమీదికి వచ్చును. భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనము 2023లో తెల్పినట్లు మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. మందు వాడువారికి రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమట, వణుకు, కండ్లు తిరుగుట దాని గుర్తులు. అందుకే జేబులో చాక్లెట్టు ఉంచుకొనుడని పెద్దలు చెప్పుదురు. అచ్చమైన చాక్లెట్టులోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తములో చేరనీయదు. అప్పుడు కావలసినది గ్లూకోజు, లేదా నీటిలో కలిపిన పంచదార. రంజాను ఉపవాసములోనైనను చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగినచో, ఇఫ్తారు వేళకై వేచియుండక వెంటనే ఉపవాసము విరమింపవలెనని వైద్యుల సలహా. మన ఇండ్లలో ఉపవాసముండు పెద్దలకు ఈ సంగతి ముందుగనే తెలియజేసి, వారి జేబులో ఉన్నదేమో ఒకసారి చూడవలెను.