యానాం పరిసరాల్లో నత్రజని గమనం: ప్రకృతి ప్రక్రియలు, మానవ కార్యకలాపాలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన ఈ భూభాగం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఆంధ్రప్రదేశ్‌కు చెందిన వరి మాగాణులు, రొయ్యల చెరువులు, కోరంగి మడ అడవులు విస్తరించి ఉన్నాయి. ఎగువ పొలాల్లో వేసిన ఎరువులో కొంత, చెరువుల్లో మిగిలిన మేత, ఊళ్ల మురుగు కాలువల ద్వారా ఈ పాయల్లోకే చేరతాయి. పర్యావరణంలో రసాయనాల మార్పునకు ప్రకృతి ఎంతవరకు కారణం, మానవుడు ఎంతవరకు కారణం అనే విషయాన్ని నత్రజని ఉదాహరణగా ఇక్కడ స్పష్టంగా గ్రహించవచ్చు.

వరి పొలంలో మార్పులు

పొలంలో చల్లిన యూరియాను నేలలోని యూరియేజ్ ఎంజైము కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుస్తుంది. ధనావేశం గల అమ్మోనియంను ఒండ్రు నేలలోని బంకమట్టి రేణువులు పట్టి ఉంచుతాయి. నిలువ నీటిలో క్షారగుణం పెరిగితే కొంత భాగం అమ్మోనియా వాయువుగా గాలిలో కలుస్తుంది. నీటికి ఆనుకొని ఉన్న పలుచని పై పొరలో ప్రాణవాయువు లభిస్తుంది కనుక అక్కడి బాక్టీరియా అమ్మోనియంను నైట్రేటుగా మారుస్తాయి. ఋణావేశం గల నైట్రేటు మట్టికి అంటుకొని నిలవదు. అది ప్రాణవాయువు లేని కింది పొరకు దిగినప్పుడు మరొక వర్గానికి చెందిన బాక్టీరియా దానిని నత్రజని వాయువుగానూ, కొంతమేర నైట్రస్ ఆక్సైడుగానూ మారుస్తాయి. నైట్రస్ ఆక్సైడు నూరేళ్ల కాలవ్యవధిలో అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది.

ఈ చర్యలన్నీ సహజమైనవి. మడ అడవుల బురదలోనూ ఇవే జరుగుతాయి. మానవ కార్యకలాపాలు ప్రధానంగా మార్చినవి మూడు: చర్యలోకి వచ్చే నత్రజని పరిమాణం, అది వచ్చే కాలం, ప్రయాణించే మార్గం.

చెరువులో మిగిలే నత్రజని

2009లో వెనామి రొయ్య పెంపకానికి అనుమతి లభించిన తరువాత డెల్టా తీరంలో ఆ సాగు వేగంగా విస్తరించింది. 35 శాతం మాంసకృత్తులు గల ఒక టన్ను మేతలో సుమారు 56 కిలోల నత్రజని ఉంటుంది. అందులో దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు మాత్రమే రొయ్య శరీరంలో నిలుస్తుంది. మిగిలినది నీటిలో, అడుగు బురదలో చేరుతుంది. కొంత వాయురూపంలో వెలువడుతుంది. ఉదాహరణకు, ఒక హెక్టారులో 7.5 టన్నుల మేత వాడి 5 టన్నుల రొయ్యలను పెంచితే 280 నుంచి 315 కిలోల నత్రజని మిగులుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 20.7 కిలోలు. అంటే మిగిలిన ఆ నత్రజని 13 నుంచి 15 బస్తాల యూరియాకు సమానం. రైతుకు ఈ పోలిక సులభంగా బోధపడుతుంది.

అమ్మోనియా విషప్రభావం దాని మొత్తంపై మాత్రమే ఆధారపడదు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటిలో ఉదజని సూచిక 8 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో సుమారు 7 శాతం విషరూపంలో ఉంటుంది. సూచిక 9కి చేరితే అది సుమారు 45 శాతం అవుతుంది. ఉప్పునీటిలో ఈ శాతాలు కొంత తక్కువగా ఉంటాయి. పగటివేళ నాచు, ప్లవకాల కిరణజన్య సంయోగక్రియ వల్ల సూచిక పెరుగుతుంది కనుక ఉదయం సురక్షితంగా కనిపించిన చెరువు మధ్యాహ్నానికి ప్రమాదకరంగా మారవచ్చు.

ఋతువుల ప్రభావం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి నీరు కాలువల ద్వారా డెల్టా పొలాలకు అందింది. కాలక్రమంలో సార్వాతో పాటు దాళ్వా సాగు కూడా స్థిరపడింది. వరద నెలల్లో గౌతమి ప్రవాహం ఉప్పునీటిని సముద్రం వైపు నెట్టి, పోషకాలను వేగంగా తీసుకుపోతుంది. నదితో వచ్చిన సేంద్రియ పదార్థం కుళ్లడం వల్ల ఈ కాలంలో నదీముఖం నుంచి బొగ్గుపులుసు వాయువు అధికంగా వెలువడుతుందని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖపట్నం కేంద్రం శాస్త్రవేత్తల అధ్యయనాలు తెలిపాయి.

వేసవిలో ఆనకట్ట దిగువకు నీటి విడుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు పాయల్లోని నీటి కదలిక ప్రధానంగా ఆటుపోట్లపైనే ఆధారపడుతుంది. వరదలో త్వరగా కొట్టుకుపోయే నత్రజని ఈ కాలంలో అక్కడే ఎక్కువ కాలం నిలిచి నాచు పెరుగుదలకు తోడ్పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ప్రాణవాయువు లేని బురదలో బాక్టీరియా దానిని వినియోగించుకొని హైడ్రోజన్ సల్ఫైడును విడుదల చేస్తాయి. చెరువు అడుగున నల్లని బురద, కుళ్లిన గుడ్ల వాసన దీని చిహ్నాలు. కాబట్టి ఒకే పరిమాణంలో వదిలిన మురుగు వరదకాలంలో కంటే వేసవిలో అధిక హాని కలిగించగలదు.

మడ అడవుల బురదలోని బాక్టీరియా నైట్రేటులో కొంత భాగాన్ని హానిరహితమైన నత్రజని వాయువుగా మార్చి నీటిని శుద్ధి చేస్తాయి. ఈ సేవకు పరిమితి ఉంది. మడచెట్లను నరికి చెరువులు తవ్వినచోట శుద్ధి చేసే వ్యవస్థ తగ్గి, మురుగు పరిమాణం పెరుగుతుంది.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

1. భూసార పరీక్ష ఫలితాలను బట్టి వేపపూత యూరియాను దఫాలుగా వేయించాలి. ఎరువు వేసిన వెంటనే పొలం నీటిని మురుగు కాలువలోకి వదలకుండా గట్లు పటిష్ఠం చేయించాలి.
2. చెరువులో అమ్మోనియాను ఉదజని సూచిక, ఉష్ణోగ్రత, ఉప్పదనంతో కలిపి, మధ్యాహ్నం కూడా కొలవాలి.
3. చెక్ ట్రేలను పరిశీలించి మేతను నియంత్రించాలి. మిగులు నత్రజనిని తగ్గించే అతి చౌకైన మార్గం ఇదే.
4. పట్టుబడి తరువాత నీటిని నిలువ చెరువులో తేర్చిన పిదపనే వదలాలి. బురదను పాయల్లోకి తోయరాదు.
5. పాయల నీటి నమూనాలను వరదకాలంలోనూ వేసవిలోనూ, పోటు సమయంలోనూ ఆటు సమయంలోనూ సేకరించాలి. ఒక్కసారి తీసిన నమూనా ఆధారంగా నిర్ణయానికి రావడం తగదు.

నత్రజని రూపాంతరాలను ఆపడం సాధ్యం కాదు, ఆపవలసిన అవసరమూ లేదు. ఎంత వదులుతున్నాము, ఎప్పుడు వదులుతున్నాము, ఏ దారిన వదులుతున్నాము అనేవి మాత్రం రైతు చేతిలోనే ఉన్నాయి. డెల్టా చివరనున్న యానాం వంటి ప్రాంతాల నీటి నాణ్యత ఎగువన తీసుకొనే ఈ నిర్ణయాలపైనే ఆధారపడి ఉంటుంది.