సైకిలుకు చిన్న కెమెరా – ఒక పరిశీలన

ఒకప్పుడు మన పల్లెల్లో పెళ్ళి వీడియో తీయాలంటే మదనపల్లె నుంచి భుజాన కెమెరా పెట్టుకుని మనిషి రావలసి వచ్చేది. నేడు బొటనవేలంత కెమెరా వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. పోయిన వార్షికోత్సవానికి మేము హాస్టలుకు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు అలాంటి కెమెరా ఒకటి చూపించి, "అన్నా, దీన్ని సైకిలుకు కట్టుకుంటే, ఏదైనా బండి గుద్దిపోతే పట్టుకోవచ్చు గదా?" అని అడిగారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. అయితే ఆ ప్రశ్న మాకు కొత్తది కాదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము చేసిన పరిశీలనే ఈ వ్యాసం.

నలుగురు చెప్పిన నాలుగు నంబర్లు

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం సాయంత్రం ఐదుగురం ఇళ్ళ నుంచి సైకిళ్ళపై పెద్దమండ్యం హాస్టలుకు తిరిగి వస్తున్నాము. మసక చీకటి పడింది. టమాటా క్రేట్లు ఎత్తుకున్న టెంపో ఒకటి మమ్మల్ని దాటుతూ చివరి సైకిలును తగిలి ఆగకుండా వెళ్ళిపోయింది. మా స్నేహితుడి కాలు విరిగింది.

మరునాడు పోలీసు ఆయన, "మీలో ఎవురన్నా నంబరు చూసినారా?" అని అడిగాడు. నలుగురమూ చూశామనే అన్నాము. నలుగురమూ నాలుగు నంబర్లు చెప్పాము. అన్నింటిలో కలిసినది ఒక్కటే: ప్లేటు పసుపుపచ్చది. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలంటే బాడుగ బండి అని మాత్రమే తెలుస్తుంది. టమాటా కాలంలో ఆ రోడ్డున రోజుకు అలాంటివి ఎన్ని పోతాయో అందరికీ తెలుసు.

బండి దొరకలేదు. మా స్నేహితుడు ఆ ఏడు పరీక్షలు రాయలేదు, తర్వాత బడికి రాలేదు. మేము అబద్ధం చెప్పలేదు. చూశామని నిజంగానే అనుకున్నాము. కన్ను చూసినదంతా మనసులో నిలవదని అప్పుడు మాకు తెలియదు.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. అందులో 30,486 మంది, గుద్ది ఆగకుండా పోయిన బండ్ల వల్ల చనిపోయినవారు.

నంబరుకు ఉన్న విలువ

బండి నంబరు తెలిస్తే దాని యజమాని, బీమా తెలుస్తాయి. బాధితుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో కేసు వేసి వైద్య ఖర్చులు, పోయిన సంపాదన, అంగవైకల్యం అన్నీ లెక్క కట్టి అడగవచ్చు. నంబరు తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను కింద స్థిరమైన మొత్తం మాత్రమే వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం ప్రకారం అది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు. అంతకుముందు ఇవి 25,000, 12,500 మాత్రమే.

మా స్నేహితుడికి ఆ 12,500 కూడా రాలేదు. అడగవచ్చని మా ఐదు ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గుర్తుంచుకోవాలి: నంబరు తెలియకపోయినా పోలీసు ఫిర్యాదు చేయాలి, కాగితాలు దాచుకోవాలి, నష్టపరిహారానికి రెవెన్యూ డివిజను అధికారికి దరఖాస్తు పెట్టాలి.

ఈ కెమెరా ఎలా పనిచేస్తుంది?

ఇందులో ముఖ్యమైనది సీమాస్ సెన్సారు అనే చిన్న పలక. వెలుతురును విద్యుత్తుగా మార్చే లక్షల గళ్ళు దాని మీద ఉంటాయి. ఒక్కొక్క గడి ఒక పిక్సెల్. ఇప్పటి రూపంలోని ఈ సెన్సారును 1990లలో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం రూపొందించింది. అంతరిక్ష నౌకల్లో కెమెరా బరువు, విద్యుత్తు వాడకం తగ్గించడం కోసం చేసిన ఆ పని, నేడు మన సైకిలు హ్యాండిలు దాకా వచ్చింది.

మేము కొన్న కెమెరా పెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని ఉంది. తీసి చూస్తే బొమ్మ 1280 గళ్ళ వెడల్పుకు మించి స్పష్టత ఇవ్వలేదు. చవక కెమెరాలు కొన్ని 640 గళ్ళ బొమ్మనే సాగదీసి పెద్దదిగా చూపిస్తాయి. కనుక పెట్టె మీది రాతను నమ్మకుండా, గోడకు పాఠ్యపుస్తకం అట్ట తగిలించి వీడియో తీసి అక్షరాలు చదవగలమో లేదో చూసుకోవాలి. బ్యాటరీ మాకు గంట కూడా రాలేదు.

లెక్క చూద్దాం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 51వది నంబరు ప్లేటు అక్షరాల కొలత చెబుతుంది. లారీ, టెంపో, కారు వంటి వాటికి అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. మోటారు సైకిలు వెనక ప్లేటు మీద అంకెలు 40 మిల్లీమీటర్లు.

కెమెరా 60 డిగ్రీల వెడల్పు చూస్తుందనుకుందాం. పదో తరగతి త్రికోణమితి ప్రకారం d మీటర్ల దూరంలో అది చూసే వెడల్పు 2 × d × టాన్ 30, అంటే సుమారు 1.15d మీటర్లు. ఆ వెడల్పులో 1280 పిక్సెళ్ళు పరుచుకుంటాయి. దాన్నిబట్టి టెంపో ప్లేటు మీది ఒక అక్షరం ఎత్తు:

3 మీటర్ల దూరంలో – 24 పిక్సెళ్ళు
5 మీటర్ల దూరంలో – 14 పిక్సెళ్ళు
8 మీటర్ల దూరంలో – 9 పిక్సెళ్ళు
10 మీటర్ల దూరంలో – 7 పిక్సెళ్ళు

640 గళ్ళ కెమెరా అయితే ఇందులో సగం. మోటారు సైకిలు అంకె 5 మీటర్ల దూరంలో 9 పిక్సెళ్ళే. ఆగి ఉన్న బండ్లతో పరీక్షిస్తే, అక్షరం 12 పిక్సెళ్ళు దాటినప్పుడు తడుముకోకుండా చదవగలిగాము. అంతకు తగ్గితే 8, 3, బి అన్నీ ఒకేలా కనిపించాయి.

ఇక కాలం లెక్క. మన సైకిలు సెకనుకు 4 మీటర్లు (గంటకు 14 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ), దాటే టెంపో సెకనుకు 14 మీటర్లు (గంటకు సుమారు 50 కిలోమీటర్లు) పోతుందనుకుందాం. తేడా సెకనుకు 10 మీటర్లు. మనల్ని దాటిన టెంపో వెనక ప్లేటు 3 మీటర్ల దూరం నుంచి 8 మీటర్ల దూరానికి చేరడానికి అర సెకను పడుతుంది. సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరాకు ఆ అర సెకనులో 15 బొమ్మలు దక్కుతాయి. వీడియోను ఆపి ఒక్కొక్క బొమ్మగా చూస్తే పగటిపూట వాటిలో మొదటి కొన్నింటిలో నంబరు దొరికే అవకాశం ఉంది.

చీకటి పడితే సంగతి వేరు. వెలుతురు చాలక కెమెరా ఒక్కొక్క బొమ్మకు 1/30 సెకను దాకా సమయం తీసుకుంటుంది. 60 డిగ్రీలకు 1280 పిక్సెళ్ళంటే ఒక డిగ్రీకి 21 పిక్సెళ్ళు. గతుకుల రోడ్డులో ఆ సమయంలో హ్యాండిలు ఒక్క డిగ్రీ అదిరితే చాలు, 14 పిక్సెళ్ళ అక్షరం పూర్తిగా అలుక్కుపోతుంది. సాయంత్రం ఆరున్నర తర్వాత మేము తీసిన వీడియోల్లో కదిలే బండి నంబరు ఒక్కటీ చదవలేకపోయాము.

కట్టే పద్ధతి

1. హ్యాండిలు మధ్యలో, కెమెరా కింద స్పాంజి ముక్క పెట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించాలి. స్పాంజి అదురును కొంత తగ్గిస్తుంది. తెగి పడిపోకుండా వేరే దారంతో కూడా కట్టాలి.
2. ముందు వైపే చూపాలి. వెనక నుంచి గుద్దిన బండి కూడా మనల్ని దాటిపోతే దాని వెనక ప్లేటు ముందు కెమెరాకే కనిపిస్తుంది.
3. తేదీ, సమయం సరిచేయాలి. చాలా కెమెరాలు కొన్నప్పుడు ఏదో పాత సంవత్సరం చూపిస్తాయి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరంపై ఉల్క పేలినప్పుడు, కార్లలోని మామూలు కెమెరాలు, వీధి కెమెరాలు తీసిన వీడియోలతో శాస్త్రవేత్తలు అది సూర్యుని చుట్టూ తిరిగిన దారిని లెక్కగట్టారు. ఎక్కడ, ఎప్పుడు తీసినదో తెలిసింది కనుకే ఆ వీడియోలు పనికివచ్చాయి.
4. తొక్కుతూ కెమెరాను ముట్టుకోకూడదు. గుద్దిన బండిని తరమకూడదు.

నోరే రెండవ కెమెరా

మా పరిశీలనలో అన్నిటికంటే ఉపయోగపడినది లెన్సు కాదు, కెమెరాలోని మైకు. బొమ్మలో నంబరు కనిపించని వీడియోల్లో కూడా మేము గట్టిగా చదివిన నంబరు స్పష్టంగా వినిపించింది. గాలి హోరు తగ్గడానికి మైకు రంధ్రం మీద పల్చని స్పాంజి అంటిస్తే చాలు.

చదవడానికి ఒక వరుస ఉంది. ముందు చివరి నాలుగు అంకెలు, తర్వాత వాటి ముందున్న అక్షరాలు, చివరగా రాష్ట్రం. ఒకప్పుడు ఏపీ 03 అంటే చిత్తూరు, ఏపీ 04 అంటే కడప అని జిల్లా తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వరుస మొదలయ్యాక ఆ గుర్తు పోయింది. మన వైపు కేఏ 07 కోలారు బండ్లు, కేఏ 40 చిక్కబళ్ళాపురం బండ్లు కూడా తిరుగుతాయి. కాబట్టి బండిని పట్టి ఇచ్చేవి చివరి అంకెలే. తర్వాత బండి రంగు, అందులోని సరుకు, పోయిన దిక్కు చెప్పాలి. కెమెరా లేకపోయినా గట్టిగా చదవాలి. ఒకరు పైకి అన్న నంబరును పక్కనున్నవారు వింటారు, వెంటనే అరచేతిలో రాసుకోవచ్చు. వేర్వేరుగా మనసులో దాచుకుంటే మాకు జరిగినట్టే నలుగురి దగ్గర నాలుగు నంబర్లు తయారవుతాయి.

ప్రమాదం జరిగితే

మొదట మనిషి, తర్వాతే వీడియో. 108కి ఫోను చేయాలి. సాయం చేసినవారిని ఇబ్బంది పెట్టకుండా 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది, కనుక భయపడనవసరం లేదు.

తర్వాత కెమెరా ఆపి కార్డు బయటకు తీయాలి. లేకపోతే కార్డు నిండాక పాత వీడియో మీదే కొత్తది ఎక్కుతుంది. వాట్సాప్‌లో పంపిన నకలు బొమ్మ స్పష్టత తగ్గి వస్తుంది. అందువల్ల అసలు కార్డును కత్తిరింపులు, మార్పులు లేకుండా కవరులో భద్రపరచి పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం వీడియో నకలును సాక్ష్యంగా పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మారిపోతుంది.

చేయకూడని పని

ఈ కెమెరాలను గూఢచారి కెమెరాలు అని కూడా అమ్ముతున్నారు. ఇక్కడ అన్నలుగా గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇది రోడ్డు చూడటానికే. హాస్టలు గదుల్లో, స్నానాల దగ్గర, ఆడపిల్లల వైపు దీన్ని తిప్పడం తుంటరితనం కాదు, నేరం. స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చూసినా, చిత్రించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, జరిమానా ఉన్నాయి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. హాస్టలు చేరగానే కెమెరా విప్పి వార్డెను సారు దగ్గర ఉంచడం అందరికీ మంచిది.

ముగింపు

మేము తీసిన వీడియోలను మా పాత స్నేహితుడికి చూపించాము. ఇప్పుడు అతను బెంగళూరులో పని చేసుకుంటున్నాడు, చలికాలంలో ఆ కాలు ఇంకా నొస్తుందట. "అప్పుడు ఇది ఉండింటే ఆ నంబరు దొరికేదా?" అని అడిగాడు. పైన రాసిన లెక్కే చెప్పాము: ఆ వెలుతురులో, ఆ రోడ్డు మీద దొరికేది కాదు. కానీ మా నలుగురిలో ఒక్కరు ఆ క్షణం చివరి నాలుగు అంకెలు గట్టిగా అరిచి ఉంటే దొరికేదేమో. అతను కాసేపు ఊరకుండి, "అయితే పిల్లోళ్ళకు ముందు అదే నేర్పండి" అన్నాడు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కెమెరా కొనగలిగితే కొనండి, దాని హద్దు తెలుసుకుని వాడండి. కొనలేకపోతే దిగులు వద్దు. రేపు సాయంత్రం ఆటల సమయంలో పది నిమిషాలు హాస్టలు గేటు లోపల నిలబడి, పోయే బండ్ల చివరి నాలుగు అంకెలు పైకి చదవండి. ఒకరు చదివితే మరొకరు రాయండి. మొదటిరోజు తప్పులు వస్తాయి, వారం తిరిగేసరికి తగ్గుతాయి. ఇందుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.