గ్లాసు కొలత – తక్కెడ కొలత

చంద్రపూర్‌లో మా పక్కింట్లో ఒక మరాఠీ కుటుంబం ఉంది. ఆ ఇంటి ఇల్లాలిని మేము 'కాకూ' అని పిలుస్తాం. ఒక దీపావళికి మా అమ్మ నానకటాయిలు చేసింది. నోట్లో వేసుకోగానే కరిగిపోయాయి. చేసే పద్ధతి చెప్పమని కాకూ అడిగింది.

"రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు నెయ్యి, ఒక గ్లాసు చక్కెర పొడి" అని అమ్మ చెప్పింది.

కాకూ అలాగే చేసింది. కాని ఆమె చేసినవి పగిలి, గట్టిపడ్డాయి. అమ్మ ఏదో దాచి చెప్పిందనుకున్నదేమో! రెండు రోజులు మా ఇంటికి రాలేదు. అమ్మ మనసు నొచ్చుకుంది.

మూడవ రోజు అమ్మే వెళ్లి, "వహినీ, ఇద్దరం కలిసి కొలిచి చూద్దాం" అన్నది. కాకూ గ్లాసును డబ్బాలో ముంచి, పిండిని అదిమి నింపింది. అమ్మ అదే గ్లాసులో జల్లించిన పిండిని చెంచాతో వేసి, పైన చదును చేసింది. ఆ రెండింటినీ పొట్లాలు కట్టి, నేను కిరాణా దుకాణంలో తూయించాను. అమ్మ పిండి 120 గ్రాములు, కాకూ పిండి 150 గ్రాములు ఉన్నాయి. అంటే రెండు గ్లాసులకు 60 గ్రాముల పిండి ఎక్కువ పడింది! నెయ్యి మాత్రం పెరగలేదు. అందుకే అవి గట్టిపడ్డాయి.

ఇలా ఎందుకు జరిగింది? పిండి రేణువుల మధ్య గాలి ఉంటుంది. జల్లిస్తే గాలి చేరి పిండి పొంగుతుంది. అదిమితే గాలి పోయి, అదే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది. నీళ్లను అలా అదమలేము. కనుక నీళ్లకు గ్లాసు కొలత చాలు, పిండికి తక్కెడే సరైనది. గ్లాసు చోటును కొలుస్తుంది, తక్కెడ బరువును చెబుతుంది.

పూర్వం మన పెద్దలు గిద్ద, సోల, తవ్వ, మానికలతో గింజలు కొలిచేవారు. సేరు బరువు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క విధంగా ఉండేది. దేశమంతటా ఒకే కొలత ఉండాలని 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేశారు. 1958 అక్టోబరు 1 నుండి కిలో, గ్రాముల తూకాలు వాడుకలోకి రాసాగాయి.

అమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది: మైదా 240 గ్రాములు, నెయ్యి 200 గ్రాములు, చక్కెర పొడి 120 గ్రాములు. మరునాడు సాయంత్రం కాకూ పళ్లెం నిండా నానకటాయిలతో మా గుమ్మంలో నిలబడింది. అవి కూడా నోట్లో కరిగిపోయాయి.

అభ్యాసం

1. కాకూ చేసిన నానకటాయిలు ఎందుకు గట్టిపడ్డాయి?
2. నీళ్లకు గ్లాసు కొలత చాలు, పిండికి చాలదు. ఎందుకు?
3. అమ్మ కాకూ ఇంటికి వెళ్లకపోతే ఏమి జరిగేది? మీ మాటల్లో రాయండి.
4. ఇంట్లో తక్కెడ లేకపోతే పిండిని ఎలా కొలవాలి?
5. మీ ఇంట్లోని పిండిని ఒకే గ్లాసుతో రెండు విధాలుగా కొలిచి, తూయించి, తేడా రాయండి.