ఫ్రేమ్ కోసే ముందు ఆర్సీ చదవండి

ప్రశ్న: మాది దోమలగూడ. మా నాన్నగారు 1998లో కొన్న 350 సీసీ బుల్లెట్ ఇంట్లోనే ఉంది. ఆర్సీ రెన్యువల్ చేయించాం, గడువు ఇంకా ఉంది. దాన్ని ఇంటి దగ్గరే కెఫే రేసర్‌గా మార్చాలని నా కోరిక. వెనక ఫ్రేమ్ కోసి ఒకే సీటు పెట్టాలి, హ్యాండిల్ కిందికి దించాలి, పొట్టి సైలెన్సర్ వేయాలి, రంగు మార్చాలి. ఇంజిన్ జోలికి వెళ్లను. మెకానిక్ ‘అందరూ చేయిస్తున్నారు, ఏం కాదు’ అంటున్నాడు. పోలీసులు బండి పట్టుకుపోతారని స్నేహితులు భయపెడుతున్నారు. చట్టం ఏమంటోంది?
– ఒక పాఠకుడు, దోమలగూడ

జవాబు: నాన్నగారి బండిని పాత ఇనుప సామాన్ల వాడికి అమ్మకుండా మీ చేతులతో బాగుచేసుకోవాలనుకోవడం మంచి ఆలోచన. ఇంట్లో ఇంజిన్ విప్పి శుభ్రం చేసుకోవడం, అరిగిన భాగాలు మార్చుకోవడం నేరం కాదు. అయితే మీరు రాసిన నాలుగు పనులూ చట్టం దృష్టిలో ఒక్కటి కావు. రంగు మార్చడానికి దారి ఉంది. హ్యాండిల్ విషయంలో జాగ్రత్త కావాలి. ఫ్రేమ్ కోయడం, సైలెన్సర్ మార్చడం మాత్రం మిమ్మల్ని నేరుగా కేసులోకి లాగుతాయి. మెకానిక్ మాట మీద గ్రైండర్ పట్టకండి. కేసు పడేది ఆర్సీలో పేరున్న వారి మీదే.

చిక్కు ఎక్కడ వస్తుంది?

కెఫే రేసర్ పుట్టింది ఇలా: 1950, 60 దశకాల్లో లండన్‌లో ఏస్ కెఫే లాంటి చోట్ల చేరే కుర్రాళ్లు గంటకు 100 మైళ్ల వేగం అందుకోవాలని తమ బండ్ల బరువు తగ్గించుకున్నారు. అవసరం లేదనుకున్న ప్రతిదీ పీకేశారు. వెనక సీటు, మడ్‌గార్డు, బరువైన సైలెన్సర్, అద్దాలు అలా పోయినవే. వీటిలో ఎక్కువ భాగం మన మోటారు వాహనాల చట్టం తప్పనిసరిగా ఉండాలన్నవే. అందుకే ఫొటోలో చూసిన బండిని ఉన్నదున్నట్టు ఇక్కడ కట్టి రోడ్డెక్కిస్తే తప్పు ఒకటి కాదు, నాలుగైదు అవుతాయి.

52వ సెక్షన్ ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలకూ తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలకూ తేడా వచ్చేలా ఏ యజమానీ బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చేసే నిర్మాణ మార్పు అని ఆ సెక్షనే వివరణ ఇచ్చింది.

2019 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ ధర్మాసనం ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో దీన్ని తేల్చి చెప్పింది. రాష్ట్ర రూల్స్‌కు లోబడి ఉంటే మార్పులు చేసుకోవచ్చన్న కేరళ హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లు మారకూడదనీ, మిగతా వివరాలను మాత్రం నిబంధనల ప్రకారం ఆర్సీలో మార్పించుకోవచ్చనీ చెప్పింది. కేసు కేరళది అయినా తీర్పు దేశమంతటికీ వర్తిస్తుంది.

ఒకసారి మీ ఆర్సీ తీసి చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, సీసీ, సీట్ల సంఖ్య, బరువు, వీల్ బేస్, రంగు లాంటి వివరాలు అందులో ఉంటాయి. మీరు చేయబోయే ప్రతి పనినీ ఆ వివరాల పక్కన పెట్టి చూసుకోండి.

ఏది చేయొచ్చు, ఏది కూడదు?

రంగు: మార్చుకోవచ్చు. మార్చాక 14 రోజుల్లోపు రవాణా శాఖ కార్యాలయానికి (ఆర్టీఏ) తెలిపి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి.

ఫ్రేమ్: కోయకండి. ఇది పక్కాగా నిర్మాణ మార్పు. దాని మీద వెల్డింగ్ చేసిన చోట రేపు విరిగితే పోయేది డబ్బే కాదు, ప్రాణం. ఛాసిస్ నంబరున్న చోట రుద్దడం, మందంగా రంగు వేసి కప్పడం ఇంకా ప్రమాదం. దొంగబండి అనే అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒకే సీటు: ఆర్సీలో ఇద్దరికి అని ఉన్న బండిని ఒకరికి చేయడం వివరాలు మార్చడమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు, చీర, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే గార్డు ఉండాలి. తయారీదారు ఇచ్చిన ఈ రక్షణను పీకేయడం మంచిది కాదు. చక్రంలో చీరకొంగు చుట్టుకుని స్త్రీలు ప్రాణాలు కోల్పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పాత ఫ్రేమ్‌కే సరిపోయేలా ఇద్దరు కూర్చునే చదునైన సీటు కుట్టించుకుంటే మీ ముచ్చటా తీరుతుంది, గార్డూ ఉంటుంది.

హ్యాండిల్: కంపెనీ యాక్సెసరీగా అమ్మే హ్యాండిల్ అయితే ఇబ్బంది తక్కువ. ముందు ఫోర్కులకు బిగించే పొట్టి హ్యాండిళ్లు వేస్తే కేబుళ్లు, స్టీరింగ్ తిరిగే తీరు కూడా మారతాయి. ఇలాంటి వాటి గురించి కొనకముందే ఆర్టీఏకు అర్జీ రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట రేపు పనికిరాదు.

లైట్లు, ఇండికేటర్లు, రిఫ్లెక్టర్, అద్దాలు, నంబరు ప్లేటు: తీయకండి. ప్లేటును చక్రం పక్కకు తిప్పి బిగించడం, అంకెలను అలంకారంగా రాయించడం కూడా తప్పే.

సైలెన్సర్, మన వీధులు

నిబంధన 120 ప్రకారం ప్రతి బండికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండాలి. 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్లకు ఇప్పుడు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. బీఎస్-6 బండ్లలోనైతే పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్ట్‌లోనే ఉంటుంది. దాన్ని పీకేస్తే శబ్దంతో పాటు కాలుష్యం కేసూ తోడవుతుంది.

దోమలగూడ, నారాయణగూడ నిండా విద్యాసంస్థలే. అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో వేల మంది నిరుద్యోగులు పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లకు తగ్గని ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్. మీకు సంగీతంలా వినిపించే చప్పుడు పక్కింటి రోగికి, రేపు గ్రూప్స్ పరీక్ష రాయబోయే అమ్మాయికి నరకం. వారి నిద్రకూ హక్కు ఉంది.

శిక్షలు ఎంత?

అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్నది మరవకండి. ఫ్రేమ్, సీటు, సైలెన్సర్ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. శబ్దం, పొగ ప్రమాణాలు ఉల్లంఘించి నడిపితే సెక్షన్ 190(2) కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. సైలెన్సర్‌ను తప్పించి కటౌట్ ద్వారా పొగ వదిలితే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి రూ.1,000, మళ్లీ చేస్తే రూ.2,000. ఇవి చట్టంలో రాసి ఉన్న శిక్షలు. చలానాతో రాజీ చేసుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

మరో మాట. 15 ఏళ్లు దాటిన మీ బండికి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అప్పుడు బండిని అధికారి ముందు నిలబెట్టక తప్పదు. రోడ్డు మీద ఎవరూ ఆపకపోయినా అక్కడ బయటపడుతుంది.

పోలీసులు ఆపితే మీ హక్కులు

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే కాగితాలు చూపాలి. డిజీలాకర్, ఎంపరివాహన్‌లోని కాగితాలు కూడా చెల్లుతాయి. ఏ సెక్షన్ కింద కేసు రాస్తున్నారో మర్యాదగా అడగండి. చలానా నంబరు, రసీదు లేకుండా నగదు ఇవ్వకండి. శబ్దం ఎక్కువన్నది ఆరోపణ అయితే మీటరుతో కొలిచారా అని అడగవచ్చు. చలానా అంటే ఆరోపణే, తీర్పు కాదు. ఒప్పుకోకపోతే దాన్ని సవాలు చేసే హక్కు మీకుంది.

బండి స్వాధీనం చేసుకుంటే అందులోని భాగాలతో సహా జాబితా రాయించి కాపీ తీసుకోండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద బండి అప్పగించమని కోర్టులో పిటిషన్ వేయవచ్చు. పట్టుకున్న వాహనాలను పోలీస్ స్టేషన్లలో ఏళ్ల తరబడి మగ్గనివ్వకూడదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో చెప్పింది. ఆర్టీఏ రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయాలన్నా సెక్షన్ 53 ప్రకారం ముందు మీ వాదన వినాలి. ఉత్తర్వు అందాక 30 రోజుల్లోపు సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు. లాయర్ ఖర్చు భరించలేని వారు ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

బీమా, ఇంటి షెడ్డు, మెకానిక్

మార్పు చేసి బీమా కంపెనీకి చెప్పకపోతే మీ బండి నష్టానికి క్లెయిమ్ ఇవ్వబోమని వారు అడ్డం తిరిగే వీలుంది. ప్రమాదంలో అవతలివారికి దెబ్బ తగిలితే నష్టపరిహారం సంగతి వేరే, ఆ బాధ్యత నుంచి కంపెనీ అంత తేలిగ్గా తప్పించుకోలేదు. ఏ మార్పు చేసినా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇంట్లో పని చేసుకునేటప్పుడు పెట్రోలు విషయంలో జాగ్రత్త. పెట్రోలియం చట్టం, 1934 ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్లు మించకుంటే లైసెన్సు అక్కర్లేదు. గాజు సీసా అయితే ఒక లీటరు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు, మూత బిగుతుగా ఉండాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం ఒక్క లీటరు కూడా నిల్వ పెట్టకండి. రాత్రి పది దాటాక గ్రైండర్ ఆపేయండి. ఇతరుల బండ్లు కూడా డబ్బు తీసుకుని చేస్తే అది వ్యాపారం. దానికి జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు కావాలి.

పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో పాత ఇంజిన్, ఫ్రేమ్ కొంటే బిల్లు, అమ్మినవారి ఆర్సీ కాపీ తీసుకోండి. పాత బండి మొత్తంగా కొంటే ఫారం 29, 30లతో వెంటనే మీ పేరు మీదికి మార్పించుకోండి. అమ్మేసినా ఆర్సీలో పేరున్నంత కాలం పరిహారం బాధ్యత ఆ పేరున్న వారిదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది.

మెకానిక్ డబ్బు తీసుకుని పని చెడగొడితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అందుకే పని వివరాలు, తేదీ, మొత్తం రాసి సంతకం చేయించుకోండి. హెల్ప్‌లైన్ 1915. అయితే చట్టం కాదన్న మార్పును మీరే కోరి చేయించుకుంటే ఆ ఫిర్యాదు బలంగా నిలవదు.

చట్టానికి లోబడి కోరిక తీర్చుకోవాలంటే?

మూడు దారులున్నాయి. మొదటిది, ఫ్రేమ్ కోయకుండా సీటు, రంగు, కంపెనీ యాక్సెసరీలతో బండి రూపు దిద్దుకోవడం. తీసిన ప్రతి భాగాన్నీ దాచి ఉంచండి, అవసరమైతే మళ్లీ బిగించవచ్చు. రెండోది, కంపెనీయే కెఫే రేసర్‌గా తయారుచేసి పరీక్షలు పూర్తిచేసిన బండి కొనుక్కోవడం. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో తెచ్చిన కాంటినెంటల్ జీటీ 650 అలాంటిదే. మూడోది, రోడ్డెక్కని ట్రాక్ బండి కట్టుకోవడం. దాన్ని రోడ్డు మీద నడపకుండా, మరో వాహనంలో ఎక్కించి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లి, అక్కడి నియమాల ప్రకారం నడుపుకోవచ్చు.

మీ బండి 1998ది. 50 ఏళ్లు నిండితే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ పొందే అర్హత వస్తుంది. ఛాసిస్, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గౌరవం. ఈ రోజు ఫ్రేమ్ కోస్తే ఆ దారి మూసుకుపోతుంది.

కాబట్టి నా సలహా ఇది. రంగు వేయండి, సీటు కుట్టించండి, ఇంజిన్‌ను కొత్తదానిలా చేయండి. ఫ్రేమ్, సైలెన్సర్, గార్డు, లైట్లు అలాగే ఉంచండి. ఏ పనిలో సందేహం వచ్చినా ముందు ఆర్టీఏకు అర్జీ పెట్టండి, జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.